రంగుల పటము రోగనిర్ణయము కాదు

గత వేసవిలో మా వీధిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడొకరు పెద్ద కాగితపు సంచితో మా ఇంటికి వచ్చారు. ఆయన వయస్సు 68 సంవత్సరాలు. తెలిసినవారి పేర్లు సమయానికి గుర్తుకు రావటం లేదని కుమారునితో ఫోనులో అన్నారట. విదేశములో ఉన్న ఆ కుమారుడు కంగారుపడి, అంతర్జాలములో వెదకి, నగరములోని ఒక పరీక్షా కేంద్రములో ‘మెదడు ఆరోగ్య పరీక్ష’కు డబ్బు కట్టాడు. ఆ కేంద్రము వారు అయస్కాంత ప్రతిధ్వని చిత్రీకరణముతో బాటు మెదడులోని రసాయన పదార్థాలను చూపే స్పెక్ట్రాస్కొపీ కూడా చేసారు. నివేదికలో ఎఱుపు, పసుపు, నీలి రంగులతో మెదడు పటము ఉంది. దాని క్రింద ఎన్.ఏ.ఏ., క్రియటిన్‌ల నిష్పత్తి తక్కువగా ఉన్నదనీ, తొలిదశలోని డిమెన్షియాను త్రోసిపుచ్చలేమనీ ఒక వాక్యము వ్రాసి ఉంది.

ఆ వాక్యము చదివిన నాటినుంచి ఆయన సాయంకాలాలు పిల్లలకు లెక్కలు చెప్పటం మానేసారు. బాంకు కాగితాలు, ఇంటి దస్తావేజులు కుమార్తెకు అప్పజెప్పారు. ఏ పేరు గుర్తుకు రాకపోయినా అది వ్యాధి ముదిరిన గుర్తేనని నిద్ర మానుకున్నారు.

నివేదిక వ్రాసినవారెవరూ ఆయనను ఒక్క ప్రశ్న అడుగలేదు. నేను అడిగాను. మధుమేహమునకు ఆయన 11 సంవత్సరాలుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కడుపులో మంటకు ఆమ్లమును తగ్గించే బిళ్ళలు కూడా చాలాకాలముగా వేసుకొంటున్నారు. ఈ రెండు మందులూ దీర్ఘకాలము వాడినవారిలో విటమిన్ బి-12 తగ్గవచ్చునని వైద్య విద్యార్థులకు కూడా తెలుసు. రక్తపరీక్షలో అది బాగా తక్కువగా ఉంది. సూదిమందులు మొదలుపెట్టిన నాలుగు నెలలకు ఆయన మళ్ళీ పిల్లలకు లెక్కలు చెప్పసాగారు. పేర్లు అప్పుడప్పుడూ ఇప్పటికీ మరచిపోతారు. ఈ వయస్సులో నేనూ మరచిపోతాను.

“డాక్టరు గారూ, అయితే ఆ బొమ్మ అబద్ధమా?” అని ఆయన అడిగారు. “బొమ్మ అబద్ధము కాదు, మాస్టారూ. బొమ్మ క్రింద వ్రాసిన వాక్యమునకు ఆ బొమ్మలో ఆధారము లేదు” అన్నాను. ఆ సమాధానమును వివరముగా చెప్పటానికే ఈ వ్యాసము వ్రాస్తున్నాను. ఎందుకంటే స్పెక్ట్రాస్కొపీ కంటె సూక్ష్మమైన, సుందరమైన పటాలను ఇచ్చే పద్ధతులు ఇప్పుడు పరిశోధనశాలలనుంచి బయటకు వస్తున్నాయి. మెదడులోని పదార్థాల ఉనికినే కాక, వాటికీ నీటికీ మధ్య జరిగే వినిమయమును కూడా అవి పటముగా గీస్తాయి. ఆ శాస్త్రము గొప్పది. అవసరమున్న రోగికి అది చేరాలి. కాని ఏ వ్యాధి లక్షణమూ లేనివారికి దానిని సరకుగా అమ్మటము వైద్యము కాదని, అది ఇక్కడి వ్యాపారములోనికి రాకముందే గట్టిగా చెప్పవలసి ఉంది.

ఈ కొలత ఎట్లా జరుగుతుంది?

అయస్కాంత ప్రతిధ్వని చిత్రీకరణములో మనము చూసేది ముఖ్యముగా నీటిలోని ఉదజని కేంద్రకాల సంకేతము. నీటిలో వీటి గాఢత లీటరుకు సుమారు 110 మోలులు. మెదడులో నాడీకణాల మధ్య సందేశాలను చేరవేసే గ్లుటమేటు గాఢత 10 మిల్లీమోలులకు అటూ ఇటూ ఉంటుంది. క్రియటిన్, ఎన్.ఏ.ఏ. కూడా ఆ ప్రాంతములోనే ఉంటాయి. అంటే నీటి సంకేతము ముందు వీటి సంకేతము వేలలో ఒక వంతు. అందువలన స్పెక్ట్రాస్కొపీలో నీటి సంకేతమును అణచివేసి, సాధారణముగా రెండు సెంటీమీటర్ల ఘనమంత పెద్ద ముక్కనుంచి సంకేతమును కూడగట్టవలసి వస్తుంది. గోళీ అంత కంతిని వెదకేవానికి నిమ్మకాయంత ముక్క చేతికి వచ్చినట్లు ఉంటుంది.

ఈ చిక్కును దాటటానికి శాస్త్రజ్ఞులు చక్కని ఉపాయము కనుగొన్నారు. గ్లుటమేటులోని అమీను, క్రియటిన్‌లోని గ్వానిడీను, మాంసకృత్తులలోని అమైడు సమూహాలలో ఉన్న ఉదజని కేంద్రకాలు అక్కడే స్థిరముగా ఉండవు. చుట్టూ ఉన్న నీటిలోని కేంద్రకాలతో అవి నిరంతరము తావులు మార్చుకుంటాయి. ఇదే రసాయన వినిమయము.

ఒక తిరునాళ్ళను ఊహించండి. మైదానమంతా జనము. ఒక మూల నలుగురు మాత్రమే పట్టే చిన్న పందిరి. పందిరిలోకి వచ్చినవారి నుదుట ఒకామె కుంకుమబొట్టు పెడుతూ ఉంటుంది. దూరాన గుట్టపైనుంచి చూసేవానికి పందిరి కనిపించదు. కాని జనము లోపలికి వస్తూ పోతూ ఉంటే కొంతసేపటికి మైదానములో బొట్లు కనిపించటము మొదలవుతుంది. ఆ బొట్లను చూసి అక్కడ పందిరి ఉన్నదని గ్రహించవచ్చు.

ఈ చిత్రీకరణములో పందిరి గ్లుటమేటు వంటి పదార్థము. మైదానములోని జనము నీరు. బొట్టు పెట్టేది ఆ పదార్థపు పౌనఃపున్యమునకు సరిగా సరిపోయే రేడియో తరంగము. ఆ తరంగము ఆ కేంద్రకాల సంకేతమును ‘సంతృప్త’ పరచి చల్లారుస్తుంది. చల్లారిన కేంద్రకాలు నీటిలోనికి, నీటిలోనివి వాటి స్థానములోనికి వస్తూ ఉంటే చివరకు నీటి సంకేతమే కొద్ది శాతాలు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి పటముగా గీస్తారు. ఈ విధముగా అతి తక్కువ గాఢతలో ఉన్న పదార్థము నీటి ద్వారా తన ఉనికిని ఎన్నో రెట్లు పెద్దదిగా చాటుతుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. సంతృప్తతను ఒక చోటునుంచి మరొక చోటికి బదిలీ చేసి వినిమయ వేగమును కొలవవచ్చునని ఫోర్సెన్, హాఫ్‌మన్ 1963 లోనే చూపారు. వార్డ్, అలెట్రాస్, బాలబన్ 2000 లో దీనిని చిత్రీకరణమునకు అనువైన పద్ధతిగా రూపొందించారు. ‘సెస్ట్’ అనే పేరు అప్పటిదే. 2003 లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో జిన్యువాన్ జో, పీటర్ వాన్ జైల్ బృందము మాంసకృత్తుల అమైడులను ఈ మార్గములో పటముగా గీసింది. 2012 లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో రవీందర్ రెడ్డి బృందము గ్లుటమేటు పటమును సాధించింది. ఒక్కొక్క అడుగు వెనుక ఎన్నో ఏళ్ళ నిజాయితీ గల శ్రమ ఉంది. నా తగవు వారితో కాదు.

బొట్లను లెక్కించి పందిరిని చెప్పగలమా?

మైదానములో బొట్లు ఎక్కువగా కనిపిస్తే పందిరి పెద్దదని అనవచ్చునా? తొందరపడరాదు. పందిరి చిన్నదే అయినా రాకపోకలు జోరుగా ఉండవచ్చు. బొట్టు పెట్టే ఆమె చేయి వాటము మంచిది కావచ్చు. ఆ రోజు చెమట పట్టక బొట్లు చెరగకుండా నిలిచి ఉండవచ్చు. ఆ ప్రక్కనే మరొక పందిరి కూడా ఉండి ఉండవచ్చు.

మెదడులో ఈ నాలుగు అనుమానాలూ నిజమైనవే. పటములో కనిపించే శాతము పదార్థపు గాఢతపై మాత్రమే ఆధారపడదు. వినిమయ వేగము, రేడియో తరంగపు బలము, నీటి కేంద్రకాలు తమ పూర్వస్థితికి తిరిగివచ్చే కాలము, ఒకే పౌనఃపున్యపు దరిదాపుల్లో ఉన్న ఇతర పదార్థాలు, ఇవన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. గ్లుటమేటు పటములో గాబా, క్రియటిన్, మాంసకృత్తుల వాటా కూడా ఉంటుంది.

వినిమయ వేగము ఉష్ణోగ్రతతోను, కణజాలపు ఆమ్ల క్షార స్థితితోను మారుతుంది. మస్తిష్క విఘాతము కలిగి రక్తము అందని భాగములో ఆమ్లత్వము పెరుగుతుంది. అప్పుడు అమైడుల వినిమయము మందగించి, అమైడు సంకేతము తగ్గుతుంది. అమీనుల వినిమయము మామూలుగా మరీ వేగముగా ఉంటుంది కనుక, అది మందగించినప్పుడు రేడియో తరంగమునకు బొట్టు పెట్టే వ్యవధి దొరికి గ్లుటమేటు సంకేతము పెరుగుతుంది. అంటే రెండు పదార్థాల పరిమాణమూ మారకపోయినా ఒక పటము చీకటిపడుతుంది, మరొకటి వెలుగుతుంది. ఆ వెలుగును చూసి గ్లుటమేటు పెరిగినదని వ్రాసే వ్యక్తి మైదానములో బొట్లు చూసి పందిరికి కొలతలు చెప్పేవాడే.

శాస్త్రజ్ఞులకు ఇది బాగా తెలుసు. అందుకే అమైడు పటమునకు వారు ‘ఏ.పి.టి. వెయిటెడ్’ అని పేరు పెట్టారు. అమైడుల వినిమయమునకు ఎక్కువ తూకము ఇచ్చిన చిత్రము అని దాని భావము. అది కేవలము అమైడుల కొలత కాదని పేరులోనే ఒప్పుకొన్నారు. ఇటువంటి విశేషణాలు ప్రయోగశాలనుంచి ప్రకటన కాగితము వరకు వచ్చేసరికి దారిలో రాలిపోతాయి. వ్యాపారి మొట్టమొదట కోసివేసేది శాస్త్రజ్ఞుని సంకోచమునే.

ఒక ఊరి కుంచము మరొక ఊరికి చెల్లదు

మన తాతల కాలములో ఒక్కొక్క ప్రాంతములో కుంచము ఒక్కొక్క పరిమాణములో ఉండేది. 1956 లో తూనికలు, కొలతల చట్టము వచ్చి, దశాంశ పద్ధతి అమలులోనికి వచ్చాక దేశమంతటా ఒకే కిలోగ్రాము చెల్లింది. నేడు విజయవాడలో చేయించిన రక్తపు చక్కెర పరీక్షను వరంగల్లులోని వైద్యుడు సంకోచము లేకుండా చదువగలగటానికి కారణము, ఆ అంకె వెనుక అందరూ అంగీకరించిన ప్రమాణము ఉండటమే.

సెస్ట్ పటములోని శాతమునకు అటువంటి ప్రమాణము ఇంకా లేదు. రేడియో తరంగపు బలము మారితే, దానిని ప్రసరింపజేసే కాలము మారితే, గణన పద్ధతి మారితే అదే మెదడుకు వేఱే శాతము వస్తుంది. మెదడు కంతులలో అమైడు పటమును ఎట్లా తీయాలో నిపుణులు కూడి అంగీకారానికి వచ్చి, 3 టెస్లా యంత్రముపై 2 మైక్రోటెస్లాల బలము వాడుమని సూచించినది 2022 లో మాత్రమే. అదీ కంతులకు మాత్రమే. ఆరోగ్యవంతుని మెదడులో ఏ వయస్సుకు ఎంత శాతము ఉండాలో చెప్పే సర్వసమ్మతమైన పట్టిక లేనప్పుడు, ‘తక్కువ’ అనే మాటకు అర్థమేమిటి? దేనికంటె తక్కువ?

మా మాస్టారి నివేదికలోని నిష్పత్తిని కూడా ఈ దృష్టితో చూడండి. ఎన్.ఏ.ఏ.ని క్రియటిన్‌తో భాగించారు. క్రియటిన్ ఎప్పుడూ మారదని నమ్మి దానిని హారముగా తీసుకొంటారు. క్రియటిన్ పెరిగినా నిష్పత్తి తగ్గుతుంది. ముక్కను కొద్దిగా ప్రక్కకు జరిపి తీసినా నిష్పత్తి మారుతుంది. హారమును పరీక్షించకుండా లవమునకు దోషము అంటగట్టరాదని లెక్కల మాస్టారికి నేను చెప్పనవసరము లేకపోయింది. ఆయనే నాకు చెప్పారు.

యంత్రపు బలము సంగతి కూడా చెప్పాలి. ఒక పదార్థపు కేంద్రకాలకు విడిగా బొట్టు పెట్టాలంటే వాటి పౌనఃపున్యము నీటి పౌనఃపున్యమునకు తగినంత దూరములో ఉండాలి. వినిమయ వేగము ఆ దూరమునకు లోబడి ఉండాలి. గ్లుటమేటు అమీనులకూ నీటికీ మధ్య ఉన్న దూరము 3 టెస్లా యంత్రములో 384 హెర్ట్జ్‌ల దరిదాపు. 7 టెస్లాలో అది సుమారు 900. ఆ అమీనులు సెకనుకు రెండువేల సార్లకు అటూ ఇటూ తావులు మార్చుకుంటాయి. అమైడులు సెకనుకు కొన్ని పదుల సార్లు మాత్రమే మార్చుకుంటాయి. అందువలననే అమైడు పటము 3 టెస్లా యంత్రముపై సాధ్యమైంది. గ్లుటమేటు పటము 7 టెస్లా యంత్రాలున్న పరిశోధనశాలలకే చాలావరకు పరిమితమైంది. మన నగరాలలోని ఆసుపత్రులలో ఉన్నవి ప్రధానముగా 1.5, 3 టెస్లాల యంత్రాలు. అటువంటి యంత్రముపై మీ గ్లుటమేటును కొలిచి ఇస్తామని ఎవరైనా అంటే యంత్రపు బలము ఎంత అని అడుగండి.

రంగు ఎవరు వేసారు?

మెదడులో ఎఱుపు లేదు, నీలము లేదు. అంకెలకు కంప్యూటరు రంగులు వేస్తుంది. ఏ అంకెనుంచి ఎఱుపు మొదలవ్వాలో మనుష్యులు నిర్ణయిస్తారు. హద్దును కొద్దిగా జరిపితే అదే మెదడు నిశ్చింతగానో, అగ్నిగుండము వలెనో కనిపిస్తుంది.

2009 లో అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను చిత్రీకరణ యంత్రములో పెట్టి, దానికి మనుష్యుల ఛాయాచిత్రాలు చూపి, వారి మనోభావాలను ఊహించమని అడిగారు. గణాంకములలో చేయవలసిన సవరణ చేయకుండా లెక్కిస్తే ఆ చచ్చిన చేప మెదడులో ‘స్పందన’ ఎఱ్ఱని చుక్కలుగా కనిపించింది. సవరణ చేస్తే మాయమైంది. అది రక్తప్రసరణ మార్పులను చూపే వేఱొక పద్ధతి. కాని పాఠము అన్ని రంగుల పటాలకూ వర్తిస్తుంది. రంగు సాక్ష్యము కాదు. రంగు వెనుక ఉన్న లెక్క సాక్ష్యము.

సగటు వేఱు, మనిషి వేఱు

ఈ పద్ధతులలో నాకు మిక్కిలి ఇష్టమైనది భాస్వరముతో చేసే కొలత. మెదడు మన శరీరపు బరువులో సుమారు 2 శాతము మాత్రమే అయినా విశ్రాంతిలో శరీరము వాడే ప్రాణవాయువులో సుమారు 20 శాతమును అది ఖర్చుపెడుతుంది. ఆ శక్తిని ఏ.టి.పి., ఫాస్ఫోక్రియటిన్‌ల రూపములో క్రియటిన్ కైనేజ్ అనే జీవోత్ప్రేరకము అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. ఏ.టి.పి.లోని ఒక భాస్వరపు సంకేతమును చల్లార్చి, ఫాస్ఫోక్రియటిన్ సంకేతము ఎంత తగ్గుతుందో చూస్తే ఆ వినిమయ వేగము తెలుస్తుంది. పెట్టెలో ఎంత డబ్బు ఉన్నదో కాక, అంగడిలో డబ్బు ఎంత వేగముగా చేతులు మారుతున్నదో తెలిసినట్లు ఉంటుంది. పదార్థాలను శరీరమునుంచి తీయకుండా, సజీవమైన మానవ మెదడులో ఒక జీవోత్ప్రేరకపు వేగమును కొలవగలగటము నా విద్యార్థి దశలో ఊహకు కూడా అందని విషయము.

అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రి పరిశోధకులు 2014 లో స్కిట్జొఫ్రీనియా ఉన్నవారిలో ఈ వేగము సగటున 22 శాతము తక్కువగా ఉన్నదని ప్రచురించారు. ఆ వ్యాధిని మనస్సు బలహీనతగా, పూర్వజన్మ కర్మగా చూసే సమాజమునకు ఇది ఎంతో విలువైన సమాచారము. కాని దానినిబట్టి ఒక వ్యక్తిని యంత్రములో పెట్టి అతనికి ఆ వ్యాధి ఉన్నదో లేదో చెప్పలేము. పురుషులు సగటున స్త్రీల కంటె పొడవు. అయినా ఒకరి ఎత్తు 165 సెంటీమీటర్లని చెప్పి, వారు స్త్రీయా పురుషుడా అని అడిగితే ఎవరు చెప్పగలరు? రెండు సమూహాల సగటులు వేఱైనా వాటిలోని వ్యక్తులు ఒకరిపై ఒకరు పడి ఉంటారు. సమూహములో కనిపించిన తేడాను వ్యక్తికి రోగనిర్ణయముగా అమ్మటము ఈ వ్యాపారపు మూల దోషము.

మంచి పరీక్ష కూడా తగనివారికి చేస్తే ఎట్లా మోసగిస్తుందో ఒక ఊహాగణితము చూడండి. అరువది దాటిన 1,000 మందిలో 50 మందికి వ్యాధి ఉన్నదనుకుందాము. పరీక్ష వ్యాధి ఉన్నవారిలో 90 శాతమును పట్టుకుంటుంది, లేనివారిలో 90 శాతమునకు లేదని చెబుతుంది అనుకుందాము. అప్పుడు 50 మందిలో 45 మంది దొరుకుతారు. మిగిలిన 950 మంది ఆరోగ్యవంతులలో 95 మందికి కూడా వ్యాధి ఉన్నదని వస్తుంది. వెరసి వ్యాధి ముద్ర పడిన 140 మందిలో 95 మంది ఆరోగ్యవంతులు. ఈ రసాయన పటాలు లక్షణాలు లేనివారిలో ఇంతటి ఖచ్చితత్వమునైనా నిరూపించుకొనలేదు.

వాదాలు, సమాధానాలు

“ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రేల వంటి రేడియేషన్ లేదు కదా, చేయించుకుంటే నష్టమేమిటి?” అని కొందరంటారు. నష్టము యంత్రములో కాదు, నివేదికలో ఉంది. రాటర్‌డామ్‌లో 2,000 మంది సామాన్య ప్రజల మెదళ్ళను చిత్రించి 2007 లో ప్రచురించిన ఫలితాలలో 7.2 శాతము మందిలో లక్షణాలు లేని పాత మస్తిష్క విఘాతపు గుర్తులు, 1.8 శాతము మందిలో రక్తనాళపు బుడగలు, 1.6 శాతము మందిలో హానికరము కాని కంతులు కనిపించాయి. వెదకితే ఏదో ఒకటి కనిపిస్తుంది. కనిపించినది మరొక పరీక్షకు, ఒక్కొక్కసారి అవసరము లేని శస్త్రచికిత్సకు దారితీస్తుంది. లక్షణాలు లేనివారికి శరీరమంతా ఎం.ఆర్.ఐ. చేయమని సిఫారసు చేయటానికి తగినంత ఆధారము లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2023 లో ప్రకటించింది. ఆ యంత్రాలతో జీవనము సాగించే వైద్యుల సంఘమే ఆ మాట చెప్పిందని గమనించండి.

“ముందుగా తెలిస్తే జాగ్రత్త పడవచ్చు కదా?” అని మరికొందరంటారు. ఆ జాగ్రత్తలకు పటము అక్కరలేదు. మార్చుకొనగల 14 కారణాలను సరిదిద్దగలిగితే ప్రపంచములో సుమారు 45 శాతము డిమెన్షియాను నివారించటమో, ఆలస్యము చేయటమో సాధ్యము కావచ్చునని లాన్సెట్ సంఘము 2024 లో అంచనా వేసింది. రక్తపుపోటు, మధుమేహము, చెడు కొలెస్టరాలు, ధూమపానము, అతిమద్యపానము, స్థూలకాయము, శారీరక శ్రమ లేకపోవటము, వినికిడి లోపము, చూపు లోపము, మానసిక క్రుంగు, ఒంటరితనము, తలకు దెబ్బలు, వాయు కాలుష్యము, చదువు లేకపోవటము ఆ పదునాలుగు. పటము ఎఱ్ఱగా ఉన్నా నీలముగా ఉన్నా చేయవలసినవి ఇవే. ఒక్క పటమునకు అయ్యే ఖర్చుతో రక్తపుపోటు కొలిచే పరికరము కొని, గళగ్రంథి, బి-12, చక్కెర పరీక్షలు చేయించి, చెవి పరీక్షకు కూడా వెళ్ళవచ్చు.

“వాడనిదే శాస్త్రము ఎట్లా పెరుగుతుంది?” అని మూడవ వాదము. శాస్త్రము ప్రయోగ పరీక్షలతో పెరుగుతుంది. పరిశోధనలో పాల్గొనే వ్యక్తి సమ్మతిపత్రముపై సంతకము చేస్తాడు, డబ్బు కట్టడు. అతని ఫలితము నలుగురి ఫలితాలతో చేరి ఒక ప్రశ్నకు జవాబు అవుతుంది. పరీక్షా కేంద్రములో డబ్బు కట్టినవాని పటము ఏ ప్రశ్నకూ జవాబు కాదు. అతని నిద్ర మాత్రము పోతుంది.

ఈ చిత్రీకరణము ఎవరికి కావాలి?

ఈ పటాలు నిరర్థకములని నా అభిప్రాయమని ఎవరూ అనుకొనరాదు. వాటిని ‘ఖరీదైన బొమ్మలు’ అని కొట్టివేసే నా తోటి వైద్యులతో కూడా నాకు తగవు ఉంది.

మెదడులో గ్లయోమా కంతికి శస్త్రచికిత్స, వికిరణ చికిత్స పొందిన రోగిని తలచుకోండి. కొన్ని నెలల తరువాత సాధారణ చిత్రములో మళ్ళీ ఒక మచ్చ కనిపిస్తుంది. అది తిరిగి పెరుగుతున్న కంతియా, వికిరణము వలన మరణించిన కణజాలమా? రెండూ ఒకే విధముగా కనిపించవచ్చు. మొదటిదైతే చికిత్స మార్చాలి, రెండవదైతే ఆగాలి. చురుకుగా పెరిగే కంతిలో మాంసకృత్తులు ఎక్కువ కనుక అమైడు సంకేతము హెచ్చుతుంది, మృతకణజాలములో తగ్గుతుంది. 2011 లో ఎలుకలలో ఈ తేడాను స్పష్టముగా చూపారు. తరువాత రోగులలో అధ్యయనాలు జరిగాయి. ఇక్కడ రోగి ఉన్నాడు, ప్రశ్న ఉంది, జవాబును బట్టి మారే చికిత్స ఉంది.

మందులకు లొంగని మూర్ఛవ్యాధి మరొక ఉదాహరణ. సాధారణ చిత్రములో ఏ దోషమూ కనిపించని నలుగురు రోగులలో మూర్ఛ మెదడులో ఏ ప్రక్కనుంచి పుడుతున్నదో గ్లుటమేటు పటము సూచించినదని 2015 లో పెన్సిల్వేనియా పరిశోధకులు ప్రచురించారు. నలుగురు తక్కువే. కాని శస్త్రచికిత్సకు దారి దొరకని యువకునికి అది ఆశ. ప్రభుత్వాలు, వైద్య విశ్వవిద్యాలయాలు డబ్బు పెట్టవలసినది ఇటువంటి చోట్ల.

ఆరోగ్యవంతుడు ఆక్రమించిన ప్రతి యంత్రపు గంట ఒక రోగినుంచి తీసుకొన్న గంట. జిల్లా ఆసుపత్రిలో మస్తిష్క విఘాతముతో వచ్చిన కూలికి సమయానికి సాధారణ చిత్రమే దొరకని చోట, నగరములో ఉన్నవానికి లేని జబ్బును రంగులలో చూపటము నాకు సిగ్గుగా తోస్తుంది.

చివరగా పాఠకులకు, వైద్యులకు

ఎవరైనా మీకు మెదడు రసాయన పరీక్షను సూచిస్తే నాలుగు ప్రశ్నలు అడుగండి. ఏ వ్యాధిని అనుమానించి ఇది చేస్తున్నారు? ఫలితము ఎటు వచ్చినా నా చికిత్సలో ఏమి మారుతుంది? ‘సాధారణము’ అనే హద్దును నా వయస్సువారిలో, ఈ యంత్రముపై ఎవరు నిర్ణయించారు? ఇది పరిశోధన అయితే నేను డబ్బు ఎందుకు కట్టాలి? ఈ నాలుగింటికీ తృప్తికరమైన జవాబులు ఉంటే సందేహించకుండా చేయించుకోండి. లేకపోతే లేచి రండి.

మతిమరపు గమనించినవారు ముందు తమ వైద్యుని వద్దకు వెళ్ళాలి. వాడే మందుల జాబితాను, కుటుంబములో ఒకరిని వెంట తీసుకువెళ్ళాలి. దారి తప్పటము, లెక్కలు చేయలేకపోవటము, మాటలు తడబడటము, స్వభావము మారటము ఉంటే ఆలస్యము చేయరాదు. అప్పుడు వైద్యుడు వ్రాసే సాధారణ ఎం.ఆర్.ఐ.ని తప్పక తీయించుకోవాలి. నా వ్యాసము దానికి వ్యతిరేకము కాదు.

తోటి వైద్యులకు ఒక మాట. చీటీపై పరీక్ష పేరు వ్రాయటానికి ఒక నిమిషము చాలు. రోగి చెప్పేది వినటానికి ఇరువది నిమిషాలు కావాలి. మా మాస్టారి జబ్బు ఆ ఇరువది నిమిషాలలో ఉంది. త్రోసిపుచ్చలేము అనే మాటను నివేదికలో వ్రాసే ముందు, దానిని చదివే మనిషి ఎవరో, అతని ప్రక్కన దాని అర్థము చెప్పేవారు ఉన్నారో లేరో ఒక్కసారి ఆలోచించండి. ఆ మాట వ్రాసినవారికి అది రక్షణ కావచ్చు. చదివినవానికి అది తీర్పు.